‘మాంసకృత్తు’కు కర్త ఎవరు? – ఆరోగ్యరచనల పరిభాషపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు ఆరోగ్యరచనలు తరచు ‘బలం’ అనే ఒక్క మాట కింద బరువును, కండను, దమ్మును కలిపివేస్తున్నాయి. అధికబరువు గలవారికి ఏరోబిక్ వ్యాయామం, ప్రోటీన్ పొడి ఏ మేరకు ఉపకరిస్తాయో చెప్పాలంటే ఈ మూడింటినీ విడదీయాలి. అందుకు తగిన మాటలు వాడుకభాషలోను, ఆయుర్వేదంలోను ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మాంసకృత్తు, ఏరోబిక్ వ్యాయామం, స్థూలకాయం, పరిభాష, కృష్ణా డెల్టా.

1. ప్రవేశిక

‘ప్రోటీన్’ అనే పేరు 1838లో వెలువడింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ సూచించగా డచ్ రసాయనవేత్త ముల్డర్ దానిని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రథమస్థానాన్ని తెలిపే గ్రీకు పదం దానికి మూలం. తెలుగులో దానికి ఏర్పడిన పేరు ‘మాంసకృత్తు’. మాంసాన్ని చేసేది అని వ్యుత్పత్తి. గ్రీకు పేరు హోదాను చెబితే తెలుగు పేరు పనిని చెప్పింది. బోధనకు ఇదే మేలైన పేరు. అయితే ఈ కృదంతం కర్త్రర్థకం కావడంవల్ల, తిన్న పదార్థమే కండను నిర్మిస్తుందన్న భావనకు తావిస్తుంది. పొడి డబ్బాల ప్రకటనలకు బలమిచ్చేది ఈ భావనే.

2. ఉపాదానం – నిమిత్తం

కుండకు మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం. కండకు ప్రోటీన్ మట్టి వంటిది. కండరంపై పడే భారం కుమ్మరి వంటిది. బరువులెత్తడం, గుంజీలు, దండీలు ఆ భారాన్ని కల్పిస్తాయి. వేగనడక, సైకిలు, ఈత వంటి ఏరోబిక్ వ్యాయామాలు ప్రధానంగా గుండెకూ ఊపిరితిత్తులకూ పని చెబుతాయి. వాటివల్ల దమ్ము పెరుగుతుంది, శక్తి ఖర్చవుతుంది. కండను పెంచడంలో వాటి పాత్ర పరిమితం. అందువల్ల నడకకు పొడిని జోడించి కండను ఆశించడం కుమ్మరి లేనిచోట మట్టి పోయడమే.

గ్రాము ప్రోటీన్ సుమారు 4 కిలోకాలరీల శక్తినిస్తుంది. పిండిపదార్థమూ అంతే ఇస్తుంది. కంచంలో అన్నం తగ్గకుండా పొడి చేరితే మొత్తం శక్తి పెరుగుతుంది. కొంత అన్నానికి బదులు పప్పు, గుడ్డు, చేప తింటే ఆకలి అదుపులో ఉంటుంది, బరువు తగ్గే కాలంలో కండ కరగడమూ కొంత తగ్గుతుంది. ‘అదనంగా’ అన్న మాటకూ ‘బదులుగా’ అన్న మాటకూ మధ్యనున్న ఈ భేదాన్ని చెప్పని రచన పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

3. వాడుకలోని వివేకం

కృష్ణ ఎడమగట్టున, లంకభూముల్లో పసుపు, కంద, అరటి పండించే తోట్లవల్లూరు ప్రాంతపు సేద్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పంటను తలపై మోసి గట్టుకు చేర్చే పనిలో భారమూ నడకా ఒక్కటిగా ఉండేవి. యంత్రాలు, మోటారుసైకిళ్ళు వచ్చాక ఆ రెండూ తగ్గాయి. ఇప్పుడు వ్యాయామం పేరుతో వాటిని విడివిడిగా సమకూర్చుకోవలసి వస్తోంది. వాడుకభాషలో మాత్రం ఆ విభజన ముందునుంచీ ఉంది. ‘ఒళ్ళు చేశాడు’, ‘కండపట్టాడు’, ‘దమ్మున్నవాడు’ అన్నవి పర్యాయపదాలు కావు. చరకసంహిత సైతం అతిస్థూలుని విషయంలో మేదస్సే పెరుగుతుందని, తక్కిన ధాతువులు అలా పెరగవని స్పష్టం చేసింది. మాంసధాతువు వేరు, మేదోధాతువు వేరు. ఆధునిక ఆరోగ్యవ్యాసాల్లోని ‘బలం’ ఈ హద్దును చెరిపివేసింది.

ప్రోటీన్ కొరత చర్చకు తెలుగునేలపైనే ఒక చరిత్ర ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు నేతృత్వం వహించిన సి. గోపాలన్, పేదపిల్లల ఆహారంలో మూలమైన లోటు శక్తిదేనని, ధాన్యం పప్పు కలిసిన తిండి చాలినంత దొరికితే ప్రోటీన్ చాలావరకు దానితోనే సమకూరుతుందని వాదించారు. 2020 ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీరబరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 65 కిలోల పురుషునికి ఇది 54 గ్రాములు. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించాయి. వరికోతకు ముందే చేలో మినుము చల్లే డెల్టాకు ఈ మాట బరువైనదేమీ కాదు. 100 గ్రాముల మినుముల్లో సుమారు 23 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. జబ్బుపడి తిండి తినలేనివారి అవసరం వేరు. అది వైద్యుడు నిర్ణయించవలసినది.

4. ముగింపు

ఆరోగ్యరచనను అంచనా వేయడానికి శైలి సరళతతోపాటు పదశుద్ధి కూడా ప్రమాణం కావాలి. ‘బరువు తగ్గుతుంది’ అన్నప్పుడు కొవ్వా, కండా? ‘బలం వస్తుంది’ అన్నప్పుడు కండా, దమ్మా? ఈ ప్రశ్నలకు సమాధానమివ్వని వ్యాసం ఎంత చదివించినా శాస్త్రరచన అనిపించుకోదు. ‘మాంసకృత్తు’ అనే పదాన్ని వదులుకోనక్కరలేదు. కర్తృత్వం శ్రమదని, ప్రోటీన్ దానికి సామగ్రి అని పక్కనే చెప్పవలసి ఉంది. ఆ ఒక్క వివరణ లోపించినచోట నష్టం భాషకే పరిమితం కాదు. ఒళ్ళు తగ్గించుకోవాలని బయలుదేరిన పాఠకుడు డబ్బా కొని డబ్బునూ, మరికొంత కొవ్వు చేర్చుకుని ఆరోగ్యాన్నీ పోగొట్టుకోవచ్చు.