విరాళపు ప్రకటనలలో ఆటిజము

ఏప్రిల్ 2వ తేదీ ప్రపంచ ఆటిజము అవగాహన దినము. ఐక్యరాజ్య సమితి 2007 డిసెంబరులో చేసిన తీర్మానము ననుసరించి 2008 నుండి దీనిని జరుపుచున్నారు. ఆ దినములలో పత్రికలలోను, వీధి కూడళ్లలోని ఫ్లెక్సీలపైనను, చేతి ఫోనులలోను ఆటిజము గల పిల్లలను గూర్చిన ప్రకటనలు విరివిగా కనబడును. కిటికీ ప్రక్కన తల వంచుకొని కూర్చున్న పిల్లవాడు, ఎక్కడను అతకని ఒక పజిల్ ముక్క, క్రింద బ్యాంకు ఖాతా సంఖ్య - చాలవరకు చిత్ర మింతే. వీనిని తయారు చేయువారి సదుద్దేశమును శంకింప నక్కరలేదు. కాని పాఠ్యపుస్తకమును విమర్శించునట్లే ప్రకటనను గూడ విమర్శింపవలసి యున్నది. ఏలయన ఆటిజమును గూర్చి మన ప్రజలలో అనేకులు చదువు మొదటి పాఠము ఈ ప్రకటనయే. తరచు చివరి పాఠము గూడ అదియే.

కళాశాలలో విజ్ఞాన శాస్త్రము బోధించు మాబోటివారిని విద్యార్థులు అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. “ఇది ఏ వయస్సునకు నయమగును?”, “ఈ పిల్లలకు మనుష్యులనిన ప్రేమ యుండదా?”, “వీరందరు లెక్కలలో మేధావులట గదా?” ఈ ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకము నుండియు వచ్చినవి కావు. ప్రకటనలు, చలనచిత్రములు నేర్పినవే. కాబట్టి ప్రకటన చెప్పుదానికిని, శాస్త్రము చెప్పుదానికిని గల దూరమును కొలిచి చూతము.

శాస్త్రము చెప్పునది

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలలో తాను చూచిన లక్షణములను ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించెను. మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలను గూర్చియే వ్రాసెను. నేటి శాస్త్రజ్ఞుల దృష్టిలో ఆటిజము మెదడు పెరుగు తీరులోని భేదము. చూపును, సైగను, ముఖభావమును గ్రహించుట, తోటివారితో మాట కలుపుట వీరికి ఇతరులకువలె సులభముగా అబ్బదు. చేసిన పనినే మరల మరల చేయుదురు. అలవాటైన క్రమము తప్పిన తల్లడిల్లుదురు. శబ్దము, వెలుతురు, స్పర్శ కొందరికి మిక్కిలి తీవ్రముగా తగులును. కుక్కరు కూత మనము పట్టించుకొనము; పెండ్లి మేళము మనకు సంబరము. అట్టి బిడ్డకు అవి బాధయై, చెవులు మూసికొని కేకలు వేయవచ్చును. చూచువారు దానిని మొండితన మందురు. తల్లి పెంపకమును తప్పు పట్టుదురు.

ఈ లక్షణములు అందరిలో ఒకే మోతాదున ఉండవు. జీవితాంతము మాట రానివారును, పెద్ద చదువులు చదివి ఉద్యోగములు చేయువారును ఈ వర్గములోనే కలరు. అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనిని వర్ణపటముతో పోల్చుదురు. ప్రపంచములో ఇంచుమించు నూటికి ఒకరు ఇట్టివారని అంచనా. మన దేశములో హైదరాబాదుతో సహా ఐదు ప్రాంతములలో 2 నుండి 9 ఏండ్ల పిల్లలను పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితములును ఈ నిష్పత్తికి దగ్గరగానే యున్నవి.

కారణమును గూర్చి రెండు అపోహలు లోకమున వ్యాపించినవి. మొదటిది, తల్లికి ప్రేమ లేకపోవుటయే కారణ మనునది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము దీనిని నలుదెసల చాటినది. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు 21 కవల జంటలను పరిశీలించిరి. సమరూప కవలల 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజము కలదు. అసమరూప కవలల 10 జంటలలో ఒక్క జంటయందును అట్లు లేదు. వంశపారంపర్యపు పాత్ర ఎంత బలమైనదో దీనితో తేలినది. తల్లులపై మోపిన నింద నిలువలేదు. రెండవ అపోహ టీకాలను గూర్చినది. 1998లో వెలువడిన ఆ వ్యాసమును దానిని ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించినది. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లల వివరములు పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితములలో తట్టు, గవదబిళ్ళల టీకాకును ఆటిజమునకును సంబంధము కనబడలేదు.

పోలియో నుండి అరువు తెచ్చిన భాష

తిరుపతి వారికి విరాళము గాని, వికలాంగుల సేవ గాని క్రొత్తవి కావు. తిరుమల తిరుపతి దేవస్థానముల వారి బర్డ్ ఆసుపత్రిలో పోలియో వలన కాళ్లు వంకరపోయిన వారికెందరికో శస్త్రచికిత్సలు జరిగినవి. అట్టి సేవకు విరాళము అడుగు ప్రకటనలో రెండు చిత్రములు వేసినచో తప్పులేదు: చికిత్సకు ముందు ప్రాకుచున్న బిడ్డ, తరువాత కాలిపరు తొడిగి నిలిచిన బిడ్డ. పోలియో విషయమున బిడ్డ వేరు, వ్యాధి వేరు. వ్యాధికి కారణము వెలుపలినుండి వచ్చిన వైరస్. దానిని శత్రు వనవచ్చును, తరిమికొట్టుద మనవచ్చును. తరిమికొట్టితిమి గూడ, 2014 మార్చి 27న మన దేశము పోలియో రహితమైనదని ధ్రువీకరణ లభించినది.

ఆటిజమును గూర్చి ప్రకటనలు వ్రాసినవారు ఈ భాషనే అరువు తెచ్చుకొనిరి. మూలదోష మిక్కడనే కలదు. ఆటిజములో వెలుపలినుండి లోపల జొరబడిన క్రిమి ఏదియు లేదు. బిడ్డ చూచు తీరు, వినునట్టి తీరు, నేర్చుకొను తీరు, వీనిలోనే అది కలసియున్నది. శిక్షణచే బిడ్డకు మాట నేర్పవచ్చును, తన పనులు తాను చేసికొనుట నేర్పవచ్చును, బాధ తగ్గింపవచ్చును. కాని బిడ్డను ఒక ప్రక్కన నిలిపి ఆటిజమును మాత్రము కొట్టుటకు వీలులేదు. ఎత్తిన కర్ర బిడ్డమీదనే పడును.

బిడ్డను ఎత్తుకొనిపోయిన దొంగ

ఈ దోషము పరాకాష్ఠ నందిన ప్రకటనలు రెండు అమెరికాలో వెలువడినవి. 2007 డిసెంబరులో న్యూయార్కు విశ్వవిద్యాలయపు బాలల అధ్యయన కేంద్రము వారు పిల్లలను అపహరించిన దొంగలు డబ్బు కొరకు తల్లిదండ్రులకు వ్రాయు బెదిరింపు లేఖల రూపమున ప్రకటనలు వేయించిరి. మీ కుమారుడు మా వశములో నున్నాడని ఆటిజమే సంతకము పెట్టి వ్రాసినట్లుండు లేఖ యొకటి. ఆటిజము గల పెద్దలు, వికలాంగుల సంఘములవారు తీవ్రముగా నిరసింపగా ఆ నెలలోనే వానిని తొలగించిరి. 2009లో ఆటిజం స్పీక్స్ అను ధర్మసంస్థ ఒక చిన్న చలనచిత్రమును విడుదల చేసినది. అందులో ఆటిజము ఒక కఠిన కంఠముతో మాటలాడును: క్యాన్సరును, ఎయిడ్సును మించిన వేగముతో వత్తునని, కుటుంబమును దివాలా తీయింతునని, దంపతులను విడదీయుదునని బెదరించును. దానిపైనను నిరసన చెలరేగినది. సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది.

భావమును ప్రక్కన బెట్టి, అందలి విషయమునే పరీక్షింతము. దంపతులు విడిపోదు రనుట నిజమా? బాల్టిమోరులోని కెనడీ క్రీగర్ సంస్థ పరిశోధకులు 77,911 మంది పిల్లల వివరములు పరిశీలించి 2012లో ప్రకటించిన దేమనగా, ఆటిజము గల పిల్లలలో నూటికి 64 మంది తల్లిదండ్రు లిద్దరి వద్దను పెరుగుచున్నారు; ఇతర పిల్లలలో 65 మంది. వేగమును గూర్చిన మాటయు ఇట్టిదే. లెక్కలలో సంఖ్య పెరుగుటకు నిర్వచనము విశాల మగుట, గుర్తించుట పెరుగుట ముఖ్య కారణములు. అంటువ్యాధివలె ఇంటినుండి ఇంటికి ప్రాకినది కాదు. వ్యాపార ప్రకటనలో ఇన్ని తప్పులున్నచో మనము ఊరకుందుమా? ధర్మకార్యమను పేరు ఉన్నందున ఊరకుంటిమి.

వేషములు

తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము దినమున కొకటిగా కట్టుదురు. వేషము క్రింద నున్నవాడు మన వీధి కుర్రవాడే యని అందరికి తెలియును. ప్రకటనలు కట్టు వేషములలో ఆ సౌకర్యము లేదు. చూచువాడు వేషమునే మనిషి యనుకొనును.

దొంగ వేషము తరువాత చెప్పదగినది జాలి వేషము. బ్రిటనులో తల్లిదండ్రుల సంఘము 1963లో పజిల్ ముక్కను, అందులో ఏడ్చుచున్న బిడ్డను తన గురుతుగా స్వీకరించినది. ఆ ముక్క తరువాత ప్రపంచమంతట తిరిగి మన ఫ్లెక్సీలమీదికి గూడ వచ్చినది. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 400 మందిని పరీక్షింపగా, పజిల్ ముక్క చూచినవారి మనస్సులో అసంపూర్ణత, లోపము అను భావములే మెదలినవని తేలినది. మన వాడుకలో దీనికి ‘దేవుని బిడ్డ’, ‘పాపము, ఏమియు తెలియని వాడు’ అను మాటలు తోడైనవి. 1986లో వచ్చిన స్వాతిముత్యం చిత్రములోని శివయ్యను ఆటిజము గలవాడని నేడు వర్ణించువారు కలరు. కమలహాసన్ నటన ఎంత గొప్పదైనను, కళంకమెరుగని ఆ అమాయకుడు వ్యాధి నిర్ణయమునకు ఉదాహరణము కాజాలడు. అమాయకత్వము ఆటిజ లక్షణములలో చేరినది కాదు. జాలి ప్రకటనలలో మరియొక లోపము కలదు: అందున్నవారందరు పిల్లలే. ఆ పిల్లలు పెరిగి ముప్పది, నలువది యేండ్ల వారై ఎక్కడ పని చేయుచున్నారో, తల్లిదండ్రుల తరువాత ఎవరి వద్ద నుందురో ఆ ప్రకటనలు చెప్పవు.

మేధావి వేషమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1988 నాటి రెయిన్ మేన్ చిత్రము దీనికి మూలము. అట్టి అసాధారణ శక్తి కొలదిమందికే యుండును. లేనివారి తల్లిదండ్రులకు ఈ పొగడ్త మరియొక నిరాశ.

నష్టపోవు వారెవరు?

కుప్పమునుండియో పుంగనూరునుండియో ఒక తల్లి రెండేండ్లు నిండినను మాట రాని బిడ్డ నెత్తుకొని తిరుపతికి, వేలూరుకు, బెంగుళూరుకు బస్సులెక్కుచుండును. ఒక్కొక్క ప్రయాణము ఒకనాటి కూలి. ఆమె మనస్సులో ప్రకటన నాటినది దొంగ యను భావ మైనచో, దొంగను పట్టువానికొరకే వెదకును. ‘పూర్తిగా నయము చేయుదుము’ అను బోర్డు ఆమెకు పనికివచ్చు మాటవలె తోచును. మూలకణముల చికిత్స పేరిట అట్టివారినుండి లక్షలు రాబట్టుట ఈ దేశమున జరిగినది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమములలోనే, కొన్ని రక్తసంబంధమైన వ్యాధులకు దక్క, మూలకణములను అనుమతి పొందిన పరిశోధనలలో మాత్రమే వాడవలెనని చెప్పినది. 2022లో జాతీయ వైద్య కమిషన్ వారి నీతి మండలి ఆటిజమునకు ఈ చికిత్స తగదని స్పష్టపరచినది. జాలి యను భావము నాటినచో నష్టము మరియొక విధము: బిడ్డను ఇంటిలో దాతురు, లేక మొక్కుబడితో సరిపెట్టుకొందురు. మొక్కు తప్పు కాదు. దానితోబాటు శిక్షణ మొదలుపెట్టక పోవుట తప్పు. రెండు సందర్భములలోను నష్టమగునది బిడ్డ నేర్చుకొనదగిన తొలి సంవత్సరములు.

ప్రకటనకర్తల పక్షమునను ఒక మాట చెప్పవలెను. రాత్రులు నిద్రపోని బిడ్డ, తన తల తాను గోడకు కొట్టుకొను బిడ్డ గల తల్లిదండ్రుల కష్టము కల్పితము కాదు. దానిని దాచి అంతయు వేడుకగా చూపుటయు అసత్యమే. పైగా తల్లిదండ్రుల సంఘములు గొంతెత్తుటచేతనే చట్టములు వచ్చినవి. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో వచ్చినది. 2016 నాటి చట్టములోని 21 వైకల్యములలో చేరినది. కష్టమును చెప్పుట తప్పు కాదు. ఆ కష్టమునకు బిడ్డయే నేరస్థుడైనట్లు చెప్పుట తప్పు. శిక్షకులు లేకపోవుట, బడి చేర్చుకొనకపోవుట, ఇరుగుపొరుగుల నింద - కష్టములో సగము వీనివలననే కలుగుచున్నది. విరాళముతో మార్పదగినవియు ఇవియే.

మంచి ప్రకటన ఎట్లుండవలెను?

2024 జూలైలో సుప్రీంకోర్టు చలనచిత్రములలో వికలాంగుల చిత్రణను గూర్చి ఇచ్చిన తీర్పులో, మూస పాత్రలు విడువవలెననియు, వైద్యవిషయములు సరిగా నుండవలెననియు, వికలాంగులను సంప్రదింపకుండ వారిని గూర్చి చిత్రింపరాదనియు సూచించినది. విరాళ ప్రకటనలకు కూడ ఈ సూత్రములే చాలును. సికిందరాబాదులోని జాతీయ సంస్థ వారు ఆటిజమును కొలుచుటకు 40 అంశముల కొలమానమును సిద్ధపరచిరి. అందులో ఒక్కొక్క అంశమునకు 1 నుండి 5 వరకు మార్కులు. ఏ ఇద్దరు పిల్లలకైనను మొత్తము సమానమైనను, ఏ అంశములో ఎంత అనునది వేరుగా నుండవచ్చును. అట్టి బిడ్డలను ఒకే బొమ్మలో ఇముడ్చుట ఎట్లు?

కావున మన ఊరి ప్రకటనలో ముందుగా గురుతులు చెప్పుదురు గాక: ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకపోవుట, ఏడాదిన్నరకును వ్రేలితో చూపి అడుగకపోవుట, రెండేండ్లకును రెండు మాటలు కలిపి పలుకకపోవుట. పిమ్మట ఎక్కడికి పోవలెనో చెప్పవలెను: ప్రభుత్వాసుపత్రిలోని పిల్లల వైద్యుడు, అంగన్‌వాడీలకును బడులకును వచ్చు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందము, సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రము. చివర విరాళము అడుగవచ్చును: ఒక శిక్షకురాలి నెల జీత మింత, ఇంతమంది పిల్లలకు వారమున కిన్ని గంటల శిక్షణ, మీ రూపాయి దీనికి. బొమ్మ కావలెనన్నచో, బిడ్డ ముఖమును తల్లిదండ్రుల అనుమతితోను, పెద్దవారైనచో వారి అనుమతితోను వేయవలెను. ఏదో నేర్చుకొనుచున్నట్లు, ఎవరితోనో కలిసి పని చేయుచున్నట్లు వేయవలెను.

విరాళ మిచ్చు పాఠకుడును మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ప్రకటన నాకు తెలియని ఒక నిజమును చెప్పినదా? ఇందులో చూపిన మనిషి ఇది చదివినచో తల ఎత్తుకొని తిరుగగలడా? నా డబ్బు ఏ పనికి పోవునో తెలిసినదా? మూడింటికిని జవాబు ‘ఔను’ అయినచో సంతోషముగా ఇయ్యవలెను. కానిచో ఆ సంస్థవారికి ఒక ఉత్తరము వ్రాసి, ప్రకటన మార్చిన పిమ్మట ఇత్తు మనవలెను. అదియు ధర్మమే.