తక్కెడలో దాంపత్యం: తెనాలి రంగస్థలంపై సత్యభామ పాట

స్థానం నరసింహారావు (1902–1971) నటనను గురించి వచ్చిన రచనలలో ఒక ప్రశంస పదేపదే వినిపిస్తుంది. స్త్రీలు సైతం ఆయనను చూసి ఒయ్యారం నేర్చుకోవలసి వచ్చిందన్నది దాని సారాంశం. ఈ ప్రశంస నటుని నైపుణ్యానికి అద్దం పట్టిన మాట నిజమే. కాని ఆయన ఎటువంటి స్త్రీని రంగస్థలం మీదికి తెచ్చారు, ఆమె చేత ఎటువంటి ప్రేమను పలికించారు, ఆ పలుకు అంతకు ముందు ఎవరి నోట ఉండేది అన్న మూడు ప్రశ్నలను అది వెనక్కి నెట్టివేసింది. వేషం ఎంత సహజంగా కుదిరిందన్న విస్మయం దగ్గరే విమర్శ ఆగిపోయింది. ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలోని సత్యభామ పాత్రను, అందులోనూ ‘మీరజాలగలడా’ పాటను ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమాజ నాటకమూ కుటుంబ నాటకమూ

స్థానం పుట్టిన ఊరు బాపట్ల. 1920లో ఆ ఊళ్లోనే హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా ఆయన తొలిసారి స్త్రీ వేషం కట్టారు. ఆ తరువాత తెనాలిలోని రామవిలాస సభలో చేరడంతో ఆయన నటజీవితం ఒక దారిన పడింది. సత్యభామ, చింతామణి, చిత్రాంగి, రోషనార, మధురవాణి వంటి పాత్రలు ఆయన పేరుతో ముడిపడిపోయాయి. 1956లో పద్మశ్రీ పురస్కారం లభించింది. నటజీవితానుభవాలను ‘నటస్థానం’ పేరుతో ఆయనే గ్రంథస్థం చేశారు.

రామవిలాస సభ ఒక నాటక సమాజం. సమాజం అన్న మాటకు ఆనాటి రంగస్థల పరిభాషలో ప్రత్యేకమైన అర్థం ఉంది. ఊరి పెద్దలు, చదువుకున్న యువకులు, కళాభిమానులు కలిసి నడుపుకొనే సంస్థ అది. దానికి భిన్నమైనది 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకం. సురభివారికి నాటకం జీవనాధారం. ఆ ఇంటి స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించేవారు. సమాజాల వారికి మాత్రం నాటకం గౌరవప్రదమైన వ్యాసంగం. ఆ గౌరవం నిలవాలంటే తమ ఇళ్లలోని స్త్రీలు రంగస్థలం మీదికి రాకూడదు. ఈ రెండు ధోరణులూ తెనాలిలో ఎదురుపడ్డాయి. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెనాలిలో ఏర్పడడానికి పూనుకున్నవారు సురభి నాటక సంస్థకు చెందిన వనారస గోవిందరావు. స్త్రీలను వేదిక మీదికి తెచ్చిన సంప్రదాయం నుంచి వచ్చిన వ్యక్తి, పురుషుని సత్యభామకు నీరాజనం పట్టిన ఊళ్లో పరిషత్తుకు పునాది వేయడం గమనించదగినది.

ఆ కాలపు తెనాలిలో దాంపత్యం ఒక చర్చనీయాంశం కూడా. త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో పెళ్లి జరిపించడానికి ‘వివాహవిధి’ని కూర్చారు. ఆయన తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షులుగానూ పనిచేశారు. వధూవరులు తాము ఏమి ప్రమాణం చేస్తున్నారో తమకు తెలియాలన్నది ఆ ప్రయత్నంలోని మూలసూత్రం. భార్యాభర్తల మధ్య మాట అర్థవంతం కావాలన్న కోరిక పెళ్లిపందిట్లో ఒక రూపం తీసుకుంటే, నాటకశాలలో మరొక రూపం తీసుకుంది. రామస్వామి పురాణాన్ని ప్రశ్నించారు, సమాజ నాటకం పురాణంలోనే తలదాచుకుంది. ఇంత తేడా ఉన్నా రెండింటికీ ఎదురుగా కూర్చున్నది ఇంచుమించు ఒకే తరం ప్రజ.

పాట చేసిన పని

తులాభారం కథ అందరికీ తెలిసినదే. నారదుని మాట మీద సత్యభామ వ్రతం పట్టి భర్తను దానమిస్తుంది. తిరిగి పొందాలంటే అతని ఎత్తు ధనం తూచాలి. ఆమె నగలన్నీ చాలవు. రుక్మిణి వేసిన తులసిదళంతో తక్కెడ సరితూగుతుంది. ఇతివృత్తం దృష్టిలో ఇది గర్వభంగ కథ. భక్తి ముందు ప్రణయాధికారం ఓడిపోవాలి, సత్య తలవంచాలి.

నాటకం ఈ చట్రాన్ని మార్చలేదు, ప్రదర్శన మార్చింది. ‘మీరజాలగలడా’ పాటను స్థానమే రచించుకున్నారన్నది ఇక్కడ కీలకమైన విషయం. నాటకకర్త కల్పించిన పాత్రలోకి నటుడు తన పాటతో ప్రవేశించాడు. భర్త తన ఆనతిని దాటి పోలేడన్న ధీమా ఆ పాటకు ఆయువుపట్టు. సత్యభామ అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లోని అలకగృహం. అక్కడ ఆమె శక్తి కోపంలో ఉంది, అవమానానికి ప్రతిక్రియగా పుట్టింది. కూచిపూడి భామాకలాపంలో ఆమె శక్తి విరహంతో, జడ మీది గర్వంతో కలిసి ఉంది. తులాభారం పాటలోని సత్యకు కోపమూ లేదు, విరహమూ లేదు. భర్త తనవాడన్న నిశ్చింత మాత్రమే ఉంది. పదహారు వేల ఎనమండుగురు భార్యలున్న పురుషుని గురించి ఒక భార్య ఇంత నిశ్చింతగా పాడడంలో ఆ పాటలోని కొత్తదనమంతా ఉంది. ఏకపత్నీత్వాన్ని ఆదర్శంగా భావించడం మొదలుపెట్టిన మధ్యతరగతి గృహిణి కోరిక బహుభార్యాత్వపు పురాణంలో దూరి మాట్లాడింది. కథ ఆమెను శిక్షించే లోగానే పాట ఆమెను గెలిపించింది.

అదే దశాబ్దంలో భావకవిత్వం కూడా ప్రేమనే గానం చేసింది. 1925లో ‘కృష్ణపక్షం’ వచ్చింది. ఆ కవిత్వపు ప్రేయసి చాలావరకు దూరాన ఉండే మూర్తి. ఆమె కోసం కవి శోకిస్తాడు, ఆమె మాట్లాడదు. నండూరి సుబ్బారావు ఎంకి మాట్లాడుతుంది గాని నాయుడుబావను శాసించదు. సత్యభామ మాత్రం వివాహిత, ఇల్లాలు, ఆజ్ఞాపించే మనిషి. ఆధునిక తెలుగు ప్రేమకవిత్వ చరిత్రను భావకవిత్వంతో మొదలుపెట్టి భావకవిత్వంతోనే ముగించే అలవాటు మన సాహిత్య చరిత్రలకు ఉంది. రంగస్థలం మీది పాటను ఆ చరిత్రలో చేర్చుకోకపోవడం వల్ల దాంపత్య ప్రేమ అన్న అధ్యాయమే కనబడకుండా పోయింది. వేదిక మీద పాడినది కవిత్వం కాదన్న చిన్నచూపు దీనికి కారణం కావచ్చు.

పద్యానికీ పాటకూ మధ్య ఉన్న రంగస్థల భేదాన్ని కూడా గుర్తించాలి. పద్యం సభను ఉద్దేశించినది. నటుడు ముందుకు వచ్చి, శ్రుతి పట్టి, రాగం తీసి ప్రేక్షకులకు వినిపిస్తాడు. ఎదుటి పాత్ర ఆ కొద్దిసేపు నిమిత్తమాత్రం. పాట అలా కాదు. జావళి నడక గల పాటలో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ అభినయం మారుతుంది. చూపు ఎదుటివానిమీదే నిలుస్తుంది. ఒకే పల్లవిని అనేక విధాలుగా అభినయించడం స్థానం నటనకు పేరు తెచ్చింది. వేలమంది కూర్చున్న పందిరిలో ఇద్దరు మనుషుల గది ఏర్పడడానికి ఆ పల్లవి ఆవృత్తే సాధనం. పాడిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టే ప్రేక్షకుడు రాగాన్ని అడుగుతాడు. పాటకు వన్స్‌మోర్ కొట్టేవాడు ఆ గదిలో మరికొంత సేపు ఉండనిమ్మని అడుగుతాడు.

తులాభారం ఒక్క చేతి రచన కాదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నారదుడు శ్రీకృష్ణుణ్ణి అమ్మకానికి పెట్టే ‘భలే మంచి చౌకబేరము’ పాట చందాల కేశవదాసుది. తెలుగు టాకీలకు తొలినాళ్లలో పాటలు రాసినదీ ఆయనే. నాటకం ఒకరిది, అంగడి పాట ఒకరిది, అంతఃపుర గీతం ఇంకొకరిది. ఇన్ని చేతులు పడినా రెండు పాటలూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. ఒక పాటలో భర్త ఆజ్ఞాబద్ధుడు, మరొక పాటలో అమ్మకపు సరుకు. స్వంతం చేసుకోవడానికీ వెలకట్టడానికీ మధ్య దూరం ఎంత తక్కువో ఈ రెండు పాటలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పత్తి, మిర్చి తూకానికి ఏటా కాటా ముందు నిలబడే గుంటూరు, ప్రకాశం రైతు ప్రేక్షకునికి ఈ ఘట్టం వేదాంతంగా మాత్రమే అందిందనుకోవడం పొరపాటు. ఎంత వేసినా ముల్లు కదలని తక్కెడ అతనికి పురాణవస్తువు కాదు. నారదుని బేరానికి నవ్వే ప్రేక్షకుడు దళారిని చూసి నవ్వుతున్నాడు.

గొంతు ఎవరిది?

నాయిక నోట ప్రణయం పలికించే గానసంపద తెలుగులో స్థానంతో మొదలు కాలేదు. క్షేత్రయ్య పదాలు, ఆ తరువాతి జావళులు శతాబ్దాల పాటు కళావంతుల కంఠాల్లో, అభినయంలో బతికాయి. నాయకుణ్ణి నిలదీయడం, ఎత్తిపొడవడం, ఆజ్ఞాపించడం ఆ పదాల్లోని నాయికకు సహజగుణం. పందొమ్మిదో శతాబ్ది చివర మొదలైన సంస్కరణోద్యమం మేజువాణిని నిందించింది. 1947లో మద్రాసు రాష్ట్రపు దేవదాసీ నిషేధ చట్టం ఆ వ్యవస్థకు చట్టరీత్యా తెరదించింది. బాలికలను దేవాలయాలకు అంకితం చేసే ఆచారాన్ని ఎవరూ సమర్థించరు. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల విద్య కూడా సభల నుంచి వెలివేయబడింది. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే జావళి నడక, నాయిక ధిక్కారం, కనుబొమల అభినయం సమాజ నాటకాల వేదిక మీద పురుషుని శరీరంలో ప్రత్యక్షమై గౌరవం పొందాయి. పాడితే కళావంతురాలు పతిత అయింది, పాడిన నటుడు పద్మశ్రీ అయ్యాడు. ఇది స్థానం మీద ఆరోపణ కాదు. ఆయన సాధనను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే ఒక కళ చేతులు మారినప్పుడు ఎవరి చేయి ఖాళీ అయిందో నమోదు చేయడం విమర్శ బాధ్యత.

కాళ్లకూరి నారాయణరావు (1871–1927) ‘చింతామణి’ని దీని పక్కన పెట్టి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. వేశ్యాలోలత్వాన్ని ఖండించడానికి రాసిన నాటకం అది. చింతామణి చివరకు వైరాగ్యం పొందుతుంది. స్థానం చింతామణినీ ధరించారు. కళావంతురాలి గానాన్ని స్వీకరించిన వేదిక, ఆమె పశ్చాత్తాపాన్ని కూడా తానే అభినయించి చూపింది. సత్యభామకు ఇల్లాలి హోదా ఉంది గనుక ఆమె ఆజ్ఞాపించవచ్చు. చింతామణికి ఆ హోదా లేదు గనుక ఆమె పశ్చాత్తాపపడాలి. ఒకే నటుడు, ఒకే శరీరం, ఒకే సంగీత సంప్రదాయం. తీర్పులు మాత్రం రెండు.

ముక్కలైన రాత్రి

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధానికి సమాజాలు వెనుకబడి కాంట్రాక్టు నాటకం ముందుకు వచ్చింది. నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు ప్రాంతాల తిరునాళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో పద్యనాటకం రాత్రంతా నడిచేది. ఈ పద్ధతిలో నాటకం అఖండ రచనగా మిగలలేదు. ఒక రంగానికి ఒకటవ కృష్ణుడు, మరొక రంగానికి రెండవ కృష్ణుడు. ప్రేక్షకుడు కథను ముందే ఎరుగును గనుక నటుడు మారినా రసభంగం కలగదు. అతడు చూసేది పేరుమోసిన రంగాలను, వినేది పేరుమోసిన పాటలను. తులాభారం నుంచి పాట వేరుపడి స్వతంత్రంగా నిలవడానికి గ్రామఫోను రికార్డు దారి వేసింది, కాంట్రాక్టు రాత్రి దాన్ని స్థిరపరిచింది. ఈ ఖండీకరణను పతనంగా చూసే విమర్శకులు ఉన్నారు. నాటకశిల్పం దృష్టితో చూస్తే వారి బాధలో న్యాయం ఉంది. అయినా ఈ ముక్కలు కావడంలోనే సత్యభామకు ఒక విడుదల దొరికింది. తక్కెడ రంగం లేకుండా పాట మాత్రమే ప్రదర్శించినప్పుడు గర్వభంగం జరగదు.

అదే ఖండీకరణ చింతామణిని మరొక వైపుకు తీసుకుపోయింది. సుబ్బిశెట్టి రంగం మూలాన్ని దాటి సాగి, ద్వంద్వార్థ సంభాషణలతో రాత్రిని ఆక్రమించింది. అప్పటికి చింతామణి వేషం నటీమణులది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదన్న ఆర్యవైశ్యుల అభ్యంతరం అందుకు నేపథ్యం. ఆ మీద జరిగిన చర్చ ఒక సామాజిక వర్గపు గౌరవం, కళాకారుల ఉపాధి, భావప్రకటన స్వేచ్ఛ అన్న మూడు అంశాల చుట్టూ తిరిగింది. మూడూ ముఖ్యమైనవే. ఆ ద్వంద్వార్థాలకు ఎదురుగా నిలబడి, నవ్వుతూ బదులు చెప్పవలసిన నటి గౌరవం మాత్రం నాలుగో అంశంగానైనా ప్రముఖంగా చర్చకు రాలేదు. పురుషుడు ధరించినంత కాలం కళాఖండంగా చెప్పుకున్న పాత్ర, స్త్రీ ధరించేసరికి అశ్లీలమైన వేషంగా ఎందుకు మారిందన్న ప్రశ్నకు నిషేధంలో జవాబు లేదు. నిషేధాన్ని వ్యతిరేకించిన వాదాల్లోనూ దానికి చోటు దొరకలేదు.

సత్యభామ పాట విషయంలో చరిత్ర కొంత దయగా నడిచింది. 1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ చలనచిత్రం స్థానం పాటను అలాగే నిలుపుకొంది. సత్యభామగా నటించినది జమున. ఆమె పెరిగినది తెనాలికి పొరుగునే ఉన్న దుగ్గిరాలలో. రామవిలాస సభ వేదిక మీద ఏ స్త్రీకీ దక్కని పాట, కొన్ని మైళ్ల దూరాన పెరిగిన అమ్మాయికి తెర మీద దక్కింది. గళమూ స్త్రీదే అయింది. జమున అభినయంలో స్థానం ఛాయలు వెతకడం విమర్శకులకు ఇష్టమైన పని. స్త్రీ అభినయానికి పురుషుని అభినయం కొలబద్ద కావడం అక్కడా తప్పలేదు. కాని ఆమె సత్య వేరు. ‘వినాయక చవితి’ (1957) నాటికే సత్యభామ పాత్రను చేపట్టిన జమున, ఒయ్యారాన్ని తగ్గించి పొగరును పెంచింది. పురుషుడు స్త్రీత్వాన్ని అభినయించి చూపవలసి ఉంటుంది గనుక ప్రతి కదలికలోనూ లాలిత్యం నిండుతుంది. స్త్రీకి ఆ రుజువు అవసరం లేదు. అందువల్ల జమున మెడ ఎత్తి, చూపు నిలిపి, కదలకుండా నిలబడగలిగింది. ఆనతి అన్న భావం ఆ నిలుపులో ఎక్కువగా పలికింది.

ఇప్పటికీ ఈ మైదాన ప్రాంతపు పందిళ్లలో ఆ పాట వినిపిస్తూనే ఉంది. కొన్నిసార్లు పాడేది పురుషుడు, ఎక్కువసార్లు స్త్రీ. హార్మోనియం పల్లవి అందుకోగానే ముందు వరుసలో కదలిక వస్తుంది, పాట ముగిశాక నోట్ల చదివింపులు మైకులో వినిపిస్తాయి. తులసిదళం దాకా సాగే రాత్రులు తక్కువ. సాగినా అప్పటికి చాలామంది లేచి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.