పాత బీటిల్‌కి ఏ క్రాంక్‌కేస్?

అమెరికాలో పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పిచ్చివాళ్లు నలుగురు చేరితే కబుర్లన్నీ కార్బురేటర్ల మీదా సైలెన్సర్ల మీదా నడుస్తాయి. కేస్ ఊసు ఎవరూ ఎత్తరు. నేనైతే మొదటి డాలరు దానికే పెడతాను.

పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. నిలువునా రెండు చెక్కలు, మధ్య గ్యాస్కెట్ కూడా లేదు, పల్చగా పూసిన సీలెంటే. తేడాలన్నీ లోపల. 1960ల తొలినాళ్ల కేసుల్లో క్యామ్‌షాఫ్ట్‌కి బేరింగులే లేవు, కేస్ పోత అయిన ఒట్టి మెగ్నీషియంలోనే తిరిగేది. 1970 మోడల్ 1600 ఇంజన్‌తో ఆయిల్ దారులు 8 మి.మీ. నుంచి 10 మి.మీ.కి పెరిగాయి, ప్రెషర్ వాల్వులు రెండయ్యాయి. బండి కిందికి దూరి చూడండి: ఆ వాల్వులకి గాటున్న పెద్ద మూతలు రెండుంటే మంచి కేసే.

హెడ్ స్టడ్ల సంగతి మరీ తమాషా. మొదట్లో 10 మి.మీ. స్టడ్లని నేరుగా మెగ్నీషియంలోకి బిగించేవారు. ఇంజన్ వేడెక్కితే హెడ్లు, సిలిండర్లు ఉక్కు స్టడ్ కంటే ఎక్కువ సాగుతాయి. లావుపాటి స్టడ్ సాగనంటుంది, కేస్‌లోని మరలు ఊడొస్తాయి. అందుకే తర్వాత 8 మి.మీ.కి తగ్గించి, కింద ఉక్కు ఇన్సర్టులు పెట్టారు. సన్నబడ్డాకే పట్టు నిలిచింది!

కొనేముందు చెక్కలు విడదీసి, క్రాంక్ కూర్చునే నడిమి గూటి అంచున గోరు పెట్టి లాగుతాను. గోరు తట్టుకుంటే బేరింగ్ కదిలి గూడు తిన్నట్టే, గూళ్లన్నీ ఒకే వరసలో మళ్లీ తొలిచే లైన్ బోరింగ్ తప్పదు. ఒకసారి బోర్ చేసినదైతే కొలతలు మళ్లీ చూడాలి. మూడో సిలిండర్ వెనక, ఫ్లైవీల్ వైపు, నెర్రెలు వెతకాలి. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఆ సిలిండర్‌కి వెళ్లే గాలిని అడ్డుకునేది. 1971 మోడల్ నుంచి దాన్ని పక్కకి జరిపారు.

బోరింగ్‌కి ఇచ్చేటప్పుడు మెగ్నీషియం మీద పని చేశారా అని అడగడం మరవను. దాని పొట్టు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, ఇంకా రేగుతుంది.

అల్యూమినియం కేస్ గట్టిదే. పొడవు స్ట్రోక్ క్రాంక్ వేసి పందేలకి తోలేవాళ్లకి సరే. కానీ బరువు చాలా ఎక్కువ, అదంతా వెనక ఇరుసు దాటి వేలాడుతుంది. రోజూ తిరిగే 1584 సీసీ బండికి అది దండగ. మెగ్నీషియంలోనే సిలికాన్ కలిపిన, వేడిని బాగా ఓర్చే ఏఎస్41 రకం ఉంది. పోతలోనే ఆ అక్షరాలున్న కేస్ దొరికి, కొలతలు నిలిస్తే నేను పెద్దగా బేరమాడను.