‘ట్యాంకు’ శబ్దము: అర్థము, ప్రయోగము

పరభాషాపదమును నేర్చుట యనగా దానికెదురుగా స్వభాషాపద మొకటి వ్రాసికొనుట యను అభిప్రాయము మన పాఠశాలలలో పాతుకొనియున్నది. ఈ పద్ధతి యెంతవరకు సమంజసమో ‘ట్యాంకు’ అను ఆంగ్లశబ్దము ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఈ పదము నెరుగని విద్యార్థి యుండడు. అయినను మన దేశపు ఆంగ్లమున దానికిగల ముఖ్యార్థము నెరిగినవారు అరుదు.

ఈ ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థులకు మేమొక ఆంగ్లవాక్యము నిచ్చి తెలుగు చేయుమంటిమి. వానలకు ఊరి ట్యాంకు నిండి, వియర్ మీదుగా నీరు పొరలినదని దాని భావము. పెక్కురు ‘ట్యాంకు’ను నీళ్లతొట్టిగా గ్రహించిరి, ‘వియర్’ను విడిచిపెట్టిరి. “చెరువు నిండి మత్తడి దుంకినది” అని మేము చెప్పగా, “ఇది మా ఊరి మాటయే కదా!” అని ఆశ్చర్యపడిరి. వారికి వస్తువు తెలియును, దాని తెలుగుపేరును తెలియును. ఆంగ్లపదము మాత్రము ఆ వస్తువుతో ముడిపడలేదు. లోపము విద్యార్థులది కాదు, బోధనది.

ఈ శబ్దచరిత్రము గమనింపదగినది. పదునేడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన ఆంగ్లేయులు ఇచటి జలాశయములను ఈ పేరుతో వ్యవహరించిరి. గుజరాతీ, మరాఠీలలో నీటితొట్టిని తెలుపు పదమే దీనికి మూలమని కొందరు, పోర్చుగీసు ‘టాంకె’ యని కొందరు చెప్పుదురు. రెండును కలిసినవనుటయు కలదు. 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున ఈ చర్చ కలదు. యుద్ధశకటమునకు ఈ పేరు కలుగుట తరువాతి కథ. ప్రథమ ప్రపంచయుద్ధమున ఆ యంత్రనిర్మాణమును రహస్యముగా నుంచుటకై వానిని నీటితొట్లని వ్యవహరించిరి. 1916 సెప్టెంబరులో అవి రణరంగమున ప్రవేశించెను, మారుపేరే స్థిరపడెను.

ఇక మన ప్రాంతమును చూతము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలమ నిర్మింపజేసెను. దానిపేరు ధర్మకీర్తి సముద్రము. అచటి శాసనము కాకతీయ వంశక్రమమునకు ముఖ్యాధారము. భూపాలపల్లి జిల్లాలోని గణపురమున గణపసముద్రము కలదు. ఆ మండలమందే చెల్పూరున కాకతీయ తాపవిద్యుత్కేంద్రము నెలకొన్నది. చెరువును గూర్చిన ఆంగ్లనివేదికలోను, యంత్రశాలను గూర్చిన ఆంగ్లనివేదికలోను ‘ట్యాంకు’ అను మాటయే కానవచ్చును. ఒకచోట అది ఆయకట్టుగల జలాశయము, వేరొకచోట ఇనుపపాత్ర. ఇందేది గ్రాహ్యమో ప్రక్కనున్న పదములే చెప్పవలెను. ‘బండ్’ ఉన్నచో కట్ట, ‘స్లూయిస్’ ఉన్నచో తూము, ‘వియర్’ ఉన్నచో మత్తడి. ఈ మూటితో కూడిన ట్యాంకు తొట్టి కానేరదు. హైదరాబాదునందలి ‘ట్యాంక్ బండ్’ హుస్సేన్‌సాగరపు చెరువుకట్టయే యని నిత్యము దానిపై నడచువారిలో నెందరు తలంతురు? మన ‘ఆయకట్టు’ సైతము భారతీయాంగ్లమున స్థానము సంపాదించినది. కావున ఈ పదజాలము పూర్తిగా పరాయిది కాదు.

నిఘంటువులు ఈ విషయమున సాయపడవా యన్నచో, కొంతవరకు సాయపడును. 1852లో ముద్రితమైన బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ‘చెరువు’నకు ‘ట్యాంకు’ అనియే అర్థము చెప్పుచున్నది. కాని బ్రౌను కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల ఉద్యోగించినవాడు. నిజాము రాజ్యపు వాడుక ఆయన కార్యక్షేత్రమునకు వెలుపలిది. తెలంగాణమున మత్తడి యనుదానిని ఇతరప్రాంతములవారు అలుగనియు, కలుజనియు నందురు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన, భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశము ఇట్టి ప్రాంతభేదములను శాస్త్రీయముగా చూపెను. ఆ కృషిఫలము ఆంగ్లబోధకుని చేతికి నేటికిని తగినంతగా రాలేదని మా యభిప్రాయము.

నేటి విద్యార్థికి తొట్టి యను అర్థము చాలదా యని ఆక్షేపింపవచ్చును. చాలదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకపు ఆంగ్లపత్రములలో చెరువుకు వాడిన మాట ఇదియే. తన ఊరి చెరువు పూడికను గూర్చిన పత్రమును చదివి, అది తొట్టిని గూర్చినదని భ్రమపడు పట్టభద్రుడు తన ఊరికే యుపకరింపలేడు.

అందుచే పదమునకు ప్రతిపదము నిచ్చి యూరకుండుట బోధన కాదు. వస్తువును చూపి, దాని స్థానికనామము నడిగి, ఆ పిమ్మట ఆంగ్లపదమును దాని సహచరపదములతో వాక్యమున నిలిపి చూపవలెను. మత్తడి యను మాట మరచిన విద్యార్థికి ‘వియర్’ను నేర్పుట మరింత కష్టము. పరిశోధక విద్యార్థులు ఈ మూడు జిల్లాలలో చెరువు, గని, రైలు పదజాలములను ఆంగ్లప్రయోగములతో జోడించి సంకలనము చేసిన యెడల, అది ఉభయభాషల బోధకును మేలు చేయగలదు.