క్రీడాభిరామమున ఓరుగంటి వీథులు - స్త్రీలు

క్రీడాభిరామమును గూర్చి విద్వాంసులు వ్రాసినదానిలో నధికభాగము కర్తృత్వవివాదమునకే చెల్లినది. వినుకొండ వల్లభరాయనిదని కొందరును, శ్రీనాథునిదని కొందరును వాదించిరి. ఆ వాద మట్లుండనిండు. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) మొదలుగా నీ కృతిని సంఘచరిత్రకు సాక్ష్యముగా గొనుట పరిపాటియైనది. ఆ సాక్ష్యమును బట్టి కాకతీయుల రాజధానిలో స్త్రీలు వీథుల స్వేచ్ఛగా విహరించిరని చెప్పబోవువారు మాత్రము కొంచెము నిలిచి చూడవలెను.

వీథినిండ స్త్రీలున్నమాట నిజమే. ప్రతాపరుద్రుని ప్రియురాలని ప్రసిద్ధికెక్కిన మాచల్దేవి తన చిత్రశాలాప్రవేశోత్సవము జరుపును. జక్కుల పురంధ్రి యాడిపాడును. అయిన నడిచెడువా రెవరు? మంచనశర్మయు టిట్టిభసెట్టియు. వేకువ మొదలు రాత్రిదాక వారికి వేరు పని లేదు. మనసైనచోట నిలుతురు, రూక యిచ్చి పూటకూటియింట భుజింతురు, మరల బయలుదేరుదురు. స్త్రీకి వీథిలో నేదో యొక వృత్తి యుండవలసినదే. పనిలేక తిరుగు భాగ్యము పురుషునిది. ఆమె చూడబడునది గాని చూచునది కాదు.

వీథి యను రూపకమునకు ఒకటి రెండు పాత్రలే లక్షణము గదా, కవి నేల తప్పుపట్టవలె నందురేమో. లక్షణము పాత్రలసంఖ్యను నియమించెను గాని యిరువురును పురుషులే కావలెననలేదు. తప్పు కవియందు లేదు. ఆతని వర్ణనను జనసంఖ్యాపత్రికవలె జదువుటలో నున్నది. పైగా కాకతీయరాజ్యము 1323లో నంతరించెను. ఈ కృతి పదునేనవ శతాబ్దిది; దీనికి మూలమని చెప్పబడు రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామము నేడు లభ్యము గాదు.

శాసనములు వేరొక సంగతి చెప్పును. గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు త్రవ్వించి బయ్యారమున శాసనము నిలిపెను. రుద్రమదేవి 1262 ప్రాంతమునుండి 1289 వరకు నేలెను. అయినను పలు శాసనములలో నామె రుద్రదేవ మహారాజే. సింహాసనమెక్కిన స్త్రీకే పురుషనామ మవసరమైన పురమున, సామాన్యగృహిణి సంతలో నిర్నిమిత్తముగా దిరిగెననుటకు చిత్రశాల వర్ణన యాధారము కాజాలదు. పాఠశాలలలో నీ పద్యములు బోధించువారు ‘నాటి స్త్రీస్వాతంత్ర్యము’ అని యంచున వ్రాయించుట తొందరపాటే యగును.

ఒక్కచోట మాత్రము కావ్యమే యీ కట్టు సడలించును. ద్విపదలో పల్నాటి వీరగాథ పాడిన స్త్రీ యెదుట యువకులు వశముదప్పి తూలుదురు. అచ్చట వీథి యామెది. ఆ ఘట్టమును సంగీతచరిత్రకై పలువు రుదాహరించిరి గాని, యంతమంది పురుషులను నడివీథి నిలిపివేసిన యధికార మామె కెట్లు గలిగెనని యడిగినవా రరుదు. అది వీరపూజకు సంబంధించిన పాట. దైవకార్యమును వృత్తియు గలిసినప్పుడు స్త్రీకి వీథి తెరువబడినదని దానివలన దెలియుచున్నది. పాట ముగిసినతోడనే కావ్యము మిత్రులిద్దరివెంట ముందునకు సాగును.