కుర్చీకి కోరలు మొలిచిన చప్పుడు

డగ్లస్ ఆడమ్స్ రేడియో నాటకం 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' తొలి ధారావాహిక చివరి భాగం 1978 ఏప్రిల్ 12న బీబీసీ రేడియో 4లో ప్రసారమైంది. ఆడమ్స్‌నీ, ఆ భాగానికి చెయ్యి కలిపిన జాన్ లాయిడ్‌నీ అందరూ పొగుడుతారు. నా దండం మాత్రం శబ్దాలు అల్లినవాళ్లకు.

ఆ భాగంలో దొంగిలించిన అంతరిక్ష ఓడలోని కుర్చీ నిజానికి కుర్చీ కాదు, క్షణక్షణం రూపం మార్చుకునే సేనాధిపతి! అది చూస్తుండగానే క్రూరమృగమై పాత్రల్లో ముగ్గురిని మింగేస్తుంది. సినిమాలో అయితే ఈ ఒక్క దృశ్యానికే నిర్మాత ఇల్లు తాకట్టు పెట్టాలి. రేడియోలో సరైన చప్పుడు చాలు. కానీ ఆ సరైన చప్పుడే కష్టం. శబ్దాల పనికి కంప్యూటర్ అందుబాటులో లేని కాలం. బీబీసీ శబ్దాల విభాగమైన రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డిక్ మిల్స్ లాంటివాళ్లు టేపును బ్లేడుతో కోసి, అతికించి, వేగం మార్చి, పొర మీద పొర వేసేవారు. నిర్మాత జెఫ్రీ పెర్కిన్స్‌కు ఏ పొర ఎక్కడ తగ్గాలో తెలుసు. మాట మీదికి శబ్దం ఎక్కితే హాస్యం చచ్చిపోతుంది మరి.

ఇంత హడావుడి చేశాక, ఆ మృగం నుంచి తప్పించుకుని చివరికి ఆదిమ భూమి మీద చిక్కుకుపోయిన మిగతా ఇద్దరు మిత్రుల్ని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటకు అప్పగించి పక్కకు తప్పుకున్నారు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు గానీ, అదే ఏడాది క్రిస్మస్‌కు ఏడో భాగం కూడా చేయాల్సి వచ్చింది.