స్నోబాల్, నెపోలియనులు: ఒక తారతమ్య పరిశీలన

పశుపక్ష్యాదుల నోట నీతిని పలికించు సంప్రదాయము మనకు క్రొత్తది కాదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను (1853) బాల్యముననే చదివిన తరములు మనలో పెక్కు కలవు. అయితే విష్ణుశర్మ కథలు చెప్పినది ఏలవలసిన రాజకుమారులకు. జార్జి ఆర్వెల్ 1945లో ప్రకటించిన ‘ఆనిమల్ ఫారం’ ఏలబడువారికి చెప్పిన కథ. ఈ భేదమును మనస్సునం దుంచుకొని అందలి నాయకద్వయమును పరిశీలింపవలెను.

యజమానియగు జోన్సును తరిమివేసిన పశువులకు స్నోబాల్, నెపోలియన్ అను రెండు పందులు నాయకులైనవి. మొదటివాడు ట్రాట్‌స్కీకిని, రెండవవాడు స్టాలిన్‌కును ప్రతిరూపములనుట విమర్శకు లెల్లరు అంగీకరించినదే. స్నోబాల్ వాక్చతురుడు, ఊహాశాలి. పశువులకు చదువు చెప్పించును. గోశాల యుద్ధమున ముందు నిలిచి గాయపడును. గాలిమరతో విద్యుత్తు పుట్టించినచో వారమునకు మూడు దినముల పని చాలునని ఆశ గొల్పును. నెపోలియన్ మితభాషి. సభలో వాదించుటకంటె సభ వెలుపల మద్దతు కూడగట్టుటయందు దిట్ట. తొమ్మిది కుక్కపిల్లలను తల్లులనుండి వేరుచేసి మరుగున పెంచును. గాలిమర చర్చ ముగియు వేళ ఆ కుక్కలే స్నోబాల్‌ను పొలిమేర దాటించును. 1929లో ట్రాట్‌స్కీ దేశమునుండి వెడలగొట్టబడిన వృత్తాంతమున కిది ఛాయ. పిదప నెపోలియన్ ఆదివారపు సభలను రద్దుచేసి, తాను నిరసించిన గాలిమరనే తనదిగా చెప్పుకొని కట్టించును. గాలివానకు అది కూలినపుడు ఆ నేరమును స్నోబాల్‌పై మోపును. ఎదుట నున్న ప్రత్యర్థికంటె కంటికి కానరాని శత్రువే నియంతకు ఎక్కువ ఉపయోగకారి.

ఇంతమాత్రముచే ఒకడు సాధువు, రెండవవాడు దుర్మార్గుడు అని తీర్పు చెప్పుట తొందరపాటగును. పాలు, ఆపిల్ పండ్లు పందులకే చెందవలెనన్న ఒక్క విషయమున ఈ ఇరువురికి భేదాభిప్రాయము లేదు. కథకు కీలకము ఇచటనే కలదని ఆర్వెల్ 1946లో వ్రాసిన ఒక లేఖలో తెలిపినాడు. మరియు ఏడు శాసనములను నేర్వలేని గొఱ్ఱెలకై వానిని ఒక్క నినాదముగా కుదించి యిచ్చినవాడు స్నోబాలే. తరువాత ఆ గొఱ్ఱెలు అతని ప్రసంగములకు అడ్డుతగులుటకు అదే నినాదమును అరచినవి. తాను చేసిన ఆయుధమే తనకు తగిలినది.

అయినను ఇరువురు సమానులనుటయు న్యాయము కాదు. అక్షరము నేర్పువాడు, స్వార్థపరుడే యైనను, తన్ను ప్రశ్నించు సాధనమును ఇతరుల చేతి కిచ్చుచున్నాడు. కుక్కలను పెంచువాడు ప్రశ్నకే తావీయడు. స్నోబాల్ దోషము చదువు చెప్పుట కాదు, దానిని సగములో విడిచి నినాదముతో సరిపెట్టుట. గోడమీది శాసనములు ఒక్కొక్కటిగా మారిపోవుచున్నను పెక్కు పశువులు గుర్తింపలేకపోయినవి. నాలుగక్షరములు దాటి నేర్వలేని బాక్సరను గుఱ్ఱము, నాయకుని మాట ఎన్నడును తప్పుకాదని నమ్మి, చాకిరిచేసి, తుదకు కటికవానికి అమ్ముడుపోయినది.

కావున ఈ కథయందు మనము విచారింపవలసినది ఇరువురిలో ఎవరు మేలను ప్రశ్నను మాత్రమే కాదు. మొదటినాడు పాలు ఎటుపోయినవని అడుగువా రెవరును లేకపోయినపుడే, నాయకుడెవరైనను, బాక్సరు గతి నిర్ణయమైనది. సంఘముగా కూడి బ్రతుకు వారెల్లరు జ్ఞప్తియం దుంచుకొనదగిన నీతి యిది.